పచ్చబడ్డ ఆలుగడ్డలో చక్కెర చేసే పని

బాన్సువాడ అంగడిలో ఆలుగడ్డలు ఏరుకునేటప్పుడు ఒక్కొక్కటీ తిప్పి చూస్తాను. పచ్చబడ్డది పక్కన పెడితే, "గింత పచ్చకు ఏమైతది సార్?" అంటాడు అమ్మే తమ్ముడు. పిల్లలకు జీవశాస్త్రం చెప్పేవాణ్ని కాబట్టి ఆ ప్రశ్నకు పూర్తి జవాబు చెప్పాలి.

ఆ పచ్చదనం పత్రహరితం. దానితో హాని లేదు. కానీ వెలుతురు తగిలిన గడ్డలో, తొక్క కిందనే, ఇంకో పని కూడా జోరందుకుంటుంది. మొక్క తన కొలెస్ట్రాల్ నుంచి సొలనిడిన్ అనే స్టెరాయిడ్ పదార్థాన్ని తయారుచేస్తుంది. గ్లైకోసిల్ ట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైములు దానికి ఒకటి తర్వాత ఒకటిగా మూడు చక్కెరలు తగిలిస్తాయి. మొదట గెలాక్టోజ్ అతికితే చివరికి సొలనిన్, గ్లూకోజ్ అతికితే చకోనిన్ తయారవుతుంది.

చక్కెర చేరినా తీపి రాదు, చేదు వస్తుంది. విషం కూడా అప్పుడే పదునెక్కుతుంది. చక్కెరలు ఉంటేనే ఈ పదార్థాలు కణం పొరలోని కొలెస్ట్రాల్‌ను గట్టిగా పట్టుకుని పొరను చీల్చగలవు. పురుగుల నుంచి, బూజు నుంచి మొక్కకు ఇదే రక్షణ. మనకు మాత్రం కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు.

మరి చక్కెర తగిలించే ఆ ఎంజైముల్లో ఒకదాన్ని ఆపేస్తే? కాలిఫోర్నియాలోని ఆల్బనీలో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు గెలాక్టోజ్ అతికించే ఎంజైమును అణచి చూశారు. ఆ ఫలితాలు 2005లో వెలువడ్డాయి. సొలనిన్ దాదాపు ఆగిపోయింది, కానీ ఆ మేరకు చకోనిన్ పెరిగింది. ఒక దారి మూస్తే మొక్క రెండో దారి పట్టింది.

ఇలాంటి ఎంజైములు విషానికే పరిమితం కావు. మన పెన్నేరు, అంటే అశ్వగంధలో స్టెరాల్‌కు గ్లూకోజ్ తగిలించే ఎంజైము జన్యువును లక్నో శాస్త్రవేత్తలు వేరుచేసి 2007లో ప్రకటించారు. తర్వాత దాన్ని అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో పెడితే అది ఉప్పును, వేడిని బాగా తట్టుకుంది. మారే వాతావరణంలో పంటలను కాపాడుకోవడానికి ఈ పరిశోధన విలువైనదని నా నమ్మకం.

మళ్లీ వంటింటి సంగతికి వద్దాం. దక్షిణ లండన్‌లోని ఒక బడిలో, ఎండాకాలం నుంచి మిగిలిపోయిన ఆలుగడ్డలు తిని 78 మంది అబ్బాయిలు జబ్బుపడ్డారని 1979లో వైద్యులు రాశారు. 17 మందిని ఆసుపత్రిలో చేర్చారు. అందరూ కోలుకున్నారు. కిలో గడ్డలో ఈ విషాలు 200 మిల్లీగ్రాములు దాటకూడదన్నది సాధారణంగా పాటించే హద్దు.

ఉడికిస్తే ఈ విషం పోదు. అందుకే మధ్యాహ్న భోజనం వండే అమ్మలకు నేను చెప్పేది ఇదే: గడ్డలను చీకటిగా, చల్లగా ఉండే చోట దాచండి. మొలకలు తీసేయండి, తొక్క మందంగా చెక్కండి. బాగా పచ్చబడ్డ గడ్డను మొత్తం పారేయండి. కూర చేదుగా ఉందని పిల్లవాడు అంటే, తినమని బలవంతం చేయకండి.