చెరగని చిట్టా

ఆదోని పత్తి మార్కెట్టుకు మీరెప్పుడైనా వెళ్లారా? పత్తి కుప్పలన్నీ ఒకేలా కనిపిస్తాయి. కుప్పకొక నంబరు, ఆ నంబరుకు చిట్టాలో ఒక పద్దు ఉంటేనే ఏది ఎవరిదో తెలుస్తుంది. ఆ పద్దును రాత్రికి రాత్రి ఎవరైనా దిద్దేస్తే? రైతు కష్టమంతా బూడిదపాలే గదా!

దొంగచాటుగా దిద్దడానికి వీల్లేని చిట్టా తయారు చేయగలమా? చూద్దాం.

ముందు అక్షరాలను అంకెలుగా మార్చాలి. కంప్యూటర్లు వాడే యూనికోడ్ పద్ధతిలో ‘ఆదోని’ అంటే 3078, 3110, 3147, 3112, 3135. కూడితే 15582. ఈ మొత్తాన్ని తరువాతి పేజీ మొదట్లో రాశామనుకోండి. వెనుక పేజీలో అక్షరం మారిస్తే లెక్క తప్పి మోసం బయటపడుతుంది. అయితే ‘ఆనోది’ అని తారుమారు చేసి కూడండి. మళ్లీ 15582! అందుకే బిట్‌కాయిన్ చిట్టాలో ఎస్‌హెచ్‌ఏ-256 అనే జటిలమైన లెక్క వాడతారు. అందులో ఒక్క అక్షరం మారినా ఫలితం పూర్తిగా మారిపోతుంది. పైగా చిట్టా నకళ్లు వేల కంప్యూటర్లలో ఉంటాయి. ఇలా ఒకదానికొకటి ముడిపడిన పేజీల వరుసే బ్లాక్‌చెయిన్. పేజీనే బ్లాకు అంటారు.

బిట్‌కాయిన్ చిట్టా 2009 జనవరి 3న మొదలైంది. ఒక బిట్‌కాయిన్‌లో 10 కోట్ల సతోషీలుంటాయి. వాటికి వరుస నంబర్లిచ్చి, బొమ్మలూ మాటలూ జతచేసే ‘ఆర్డినల్స్’ పద్ధతిని 2023 జనవరిలో కేసీ రోడార్మర్ ప్రవేశపెట్టాడు. అదే ఏడాది ‘బిట్‌మ్యాప్’ వచ్చింది. ఇందులో ప్రతి బ్లాకూ ఒక ఊహాపేట. అందులోని లావాదేవీలే స్థలాలు. బ్లాకు నంబరును ముందుగా రాసినవారిదే ఆ పేట.

ముందు రాసిందెవరు? అది చిట్టా తనంతట తాను చెప్పదు. మొదటి పేజీ నుంచి చదివి సూచిక తయారుచేసే ప్రోగ్రాము తేల్చాలి. రెండు సూచికల నియమాలు వేరైతే ఒకే పేటకు ఇద్దరు యజమానులు తేలవచ్చు!

ఊహాపేట సరే, నిజమైన నేల మాటేమిటి? భూమి రికార్డులకు బ్లాక్‌చెయిన్ వాడే ప్రయత్నాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017లో చేపట్టింది. ఎమ్మిగనూరు దగ్గర ఒక చేనును పొరపాటున వేరొకరి పేర ఎక్కించారనుకోండి. చిట్టా ఆ తప్పునూ అంతే భద్రంగా దాచిపెడుతుంది. చెరగకపోవడం వేరు, నిజం కావడం వేరు. బ్లాకుల గొలుసు ఎంత గట్టిదైనా, చేను కొలిచే గొలుసు సరిగా పడితేనే రైతుకు న్యాయం.

ఇప్పుడు మీకో లెక్క. ప్రతి అంకెనూ దాని స్థానంతో, అంటే 1, 2, 3, 4, 5తో గుణించి కూడండి. ‘ఆదోని’, ‘ఆనోది’ వేరుపడతాయా?