చెవికి అందని కామా

ఆళ్లగడ్డలో ఉన్న మా చెల్లెలు కిందటేడు నంద్యాలలో హాస్టల్లో చదివే ఇద్దరాడపిల్లలకూ ఫీజు పంపుతూ, ఇంగ్లీషులో ‘మై డాటర్స్ ఫీజ్’ అని చీటీ రాసింది. డబ్బంతా పెద్దదాని పేరనే జమ! చిన్నదానికి బాకీ నోటీసు. గుమాస్తాను అనేందుకు లేదు. మా చెల్లి పై కామా ఎస్‌కు ముందు పెట్టింది, అంటే ఒక్క కూతురే.

మన తెలుగులో ఈ బాధ లేదు. ‘కూతురి ఫీజు’, ‘కూతుళ్ల ఫీజు’ – చెవే చెప్పేస్తుంది. ఇంగ్లీషులో రెండూ ఒకేలా పలుకుతాయి. నేనిక్కడ ఎంత గొంతు చించుకున్నా మీకు తేడా వినిపించదు! కాగితం, పెన్సిలు తెచ్చుకోండి.

ముందు ఎందరో తేల్చుకోండి. ఒక్కరైతే కామా పెట్టి ఎస్ రాయండి. ఎక్కువమందైతే ఎస్‌తో బహువచనం పూర్తిచేసి, ఆ తర్వాతే కామా. లేడీకి చివరి వై పోయి ఐ, ఈ, ఎస్ వస్తాయి. (మనమేమో దానికి మళ్లీ ‘లు’ తగిలించి లేడీసులు అంటాం!) చిల్డ్రన్, విమెన్ ఎస్ లేకుండానే బహువచనాలు, కాబట్టి వీటికి కామా ముందు, ఎస్ తర్వాత. మార్చి 8న మహిళా దినోత్సవం బ్యానరు ఇంగ్లీషులో రాయించేటప్పుడు చూసుకోండి. ‘మీల్స్ రెడీ’ లాంటి ఉత్త బహువచనానికి కామా అక్కర్లేదు, పెయింటరు సరదాపడి పెడితే తప్ప.

మా చెల్లెలు బడికి రెండో చీటీ రాసింది. తెలుగులో.