ట్రిప్టికాన్ నుంచి కిన్నెర దాకా

మాది నాగర్‌కర్నూల్. నాకు జాజ్ పిచ్చి అని హాస్టల్లో అందరికీ తెలుసు. ఆ పిచ్చే నన్ను మళ్ళీ మా జిల్లాకి తెచ్చి వదిలింది. ఎలాగో చెప్తాను.

యాన్ గార్బారెక్ అని నార్వే శాక్సోఫోన్ వాద్యకారుడు ఉన్నాడు. 14 ఏళ్ళప్పుడు రేడియోలో జాన్ కోల్ట్రేన్‌ని విని శాక్సోఫోన్ పట్టుకున్నాడు. 1972 నవంబర్‌లో, 25 ఏళ్ళ వయసులో, ఓస్లోలో ‘ట్రిప్టికాన్’ ఆల్బమ్ రికార్డ్ చేశాడు. ఉన్నది ముగ్గురే: ఇతను, బేస్ వాయించే ఆరిల్డ్ ఆండర్సన్, డ్రమ్స్ వాయించే ఫిన్లాండ్ మనిషి ఎడ్వర్డ్ వెసాలా. పియానో లేదు, గిటార్ లేదు. శాక్సోఫోన్ ఎక్కడైనా తడబడితే కప్పిపుచ్చే వాయిద్యమే లేదన్నమాట. నిజం చెప్పాలంటే మొదటిసారి గోలలాగే అనిపించింది, రెండో ట్రాక్‌కే ఆపేశాను.

తర్వాత ఎప్పుడో చివరి ట్రాక్ విన్నాను. ‘బ్రూరెమార్ష్’, అంటే పెళ్ళికూతురి ఊరేగింపు పాట. వాళ్ళ పల్లెల్లో పాతకాలం నుంచీ ఉన్న బాణీ. గార్బారెక్ దాన్ని నున్నగా చెయ్యలేదు. బొంగురు గొంతుతో ఊరి మనిషి ఎలుగెత్తి పాడినట్టే వాయించాడు. ఆ గొంతు నేను ఇంతకుముందే ఎక్కడో విన్నాను కదా అనిపించింది.

విన్నది దర్శనం మొగులయ్య గొంతు. మా జిల్లా లింగాల మండలం అవుసలికుంట ఆయనది. ఆయన చేతిలోది 12 మెట్ల కిన్నెర. వెదురు బొంగు, దాని మీద తేనెమైనంతో అతికించిన మెట్లు, కింద ఎండిన సొరకాయ బుర్రలు. తీగ మోత చిన్నది, బుర్రలే దాన్ని పెద్దది చేస్తాయి. మన భాషలో స్పీకర్ బాక్స్ అనుకోండి. డక్కలి వాళ్ళు తరతరాలుగా దీని మీద పండుగ సాయన్న లాంటి పాలమూరు వీరుల కథలు చెప్తున్నారు.

2021 సెప్టెంబర్‌లో వచ్చిన ‘భీమ్లా నాయక్’ టైటిల్ సాంగ్‌తో మనందరికీ ఆయన తెలిశాడు. కానీ అందులో ఆయన వాటా మొదట్లో కాసేపే. తర్వాత డ్రమ్స్ వచ్చేస్తాయి, కిన్నెర వెనక్కి పోతుంది. సినిమా పాట కాబట్టి తప్పనలేను. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో హైదరాబాద్ శివార్లలో కట్టడం పనిలో కూలి చేస్తున్నాడని వార్త వచ్చింది. ఆ వార్త చదివిన రోజు నేను హెడ్‌ఫోన్స్‌లో ఎక్కడో నార్వే వాళ్ళ పెళ్ళిపాట వింటున్నాను. సిగ్గేసింది.

ఊరి పాటకి ఆ ఓస్లో స్టూడియో ఇచ్చింది ఒక పూర్తి ట్రాక్, మధ్యలో ఎవరూ అడ్డు రాకుండా. కిన్నెరకీ అదే కావాలి. ఒక గది, రెండు మైకులు, సాయన్న కథ మొదటి నుంచి చివరిదాకా, ఎంతసేపు పడితే అంతసేపు. కథ చెప్పినవాళ్ళకి డబ్బులు కూడా, శాలువా ఒక్కటీ కప్పి పంపడం కాదు.

మైకులైతే మా మ్యూజిక్ క్లబ్‌లో ఉన్నాయి. అడిగాను. సెమ్ ఎగ్జామ్స్ అయ్యాక చూద్దాంలే అన్నారు.