కుక్కపిల్లకు బోను శిక్షణ

బోను శిక్షణ అనగా కొత్తగా తెచ్చిన కుక్కపిల్లను రాత్రివేళలలోను, గమనించేవారు లేనప్పుడును చిన్న బోనులో ఉంచి, మలమూత్ర విసర్జనకు ఆరుబయటికి వెళ్ళే అలవాటు చేయు పద్ధతి. ఇది అమెరికాలో విస్తృతంగా వాడుకలో ఉంది. స్వీడన్‌లో మాత్రం కుక్కలను బోనులో ఉంచడంపై చట్టపరమైన ఆంక్షలు ఉన్నాయి.

పుట్టిన తొలి వారాలలో పిల్లల మలమూత్రాలను తల్లే నాకి శుభ్రం చేస్తుంది. నడక వచ్చాక పిల్లలు పడుకునే చోటు విడిచి దూరంగా వెళ్ళి విసర్జిస్తాయి. ఈ శిక్షణకు ఆధారం ఆ స్వభావమే. కనుక బోను, పిల్ల నిలబడి, వెనుదిరిగి, కాళ్ళు చాపి పడుకోవడానికి సరిపోతే చాలు. మరీ పెద్దదైతే ఒక మూల పడకగా, మరో మూల మరుగుదొడ్డిగా మారుతుంది. మొదట తలుపు తెరిచే ఉంచి, లోపల ఆహారం పెట్టి మచ్చిక చేయాలి.

పిల్ల వయసు ఎన్ని నెలలో, దానికి ఒకటి కలిపితే వచ్చినన్ని గంటలు మూత్రం ఆపుకోగలదని ఒక స్థూలమైన లెక్క. అంటే రెండు నెలల పిల్లకు మూడు గంటలు. అందువలన తొలి వారాలలో యజమానికి నిద్ర చెడక తప్పదు. బోనును మంచం పక్కనే ఉంచి, పిల్ల ఏడవకముందే అలారం పెట్టుకుని లేవడం మేలు. బయట ఆటలాడించక, పని కాగానే మెచ్చుకుని, తిరిగి పడుకోబెట్టాలి. ఏడుపును మొండితనంగా భావించి వదిలివేస్తే పిల్ల పడకనే తడుపుతుంది. ఇది పదేపదే జరిగితే సహజమైన శుభ్రతాగుణమే సన్నగిల్లి, శిక్షణ మరింత కష్టమవుతుంది. తడిపిన చోట ముక్కు రుద్ది శిక్షించడం వలన పిల్ల నేర్చేది యజమాని కంటబడకుండా చాటున విసర్జించడమే.

టీకాలు పూర్తికాని పిల్లను వీధికుక్కలు తిరిగే చోటికి కాక, పెరట్లోకో మేడపైకో తీసుకువెళ్ళాలి. ప్రాణాంతకమైన పార్వో వైరస్ మలం ద్వారా వ్యాపిస్తుంది.