వైరస్ రేపు ఏ రూపము దాల్చును?

కళింగపట్నం చుట్టుప్రక్కల గృహకూటములకు వెళ్లినప్పుడు పెద్దలు ఇప్పటికీ అడుగుచుంటారు: "అయ్యగారూ, ఆ కరోనా మళ్ళీ వస్తాదేటి? వస్తే ముందటికన్నా గట్టిగా వస్తాదా?" అవునని గాని కాదని గాని నిశ్చయముగా చెప్పగల శాస్త్రవేత్త లేడు. ఎందుకు లేడో మన ప్రాంతపు సంగతులనుబట్టియే చూతము.

ఈ వైరస్ జన్యువు సుమారు 30,000 అక్షరములు గల ఒక చీటివంటిది. అది మన శరీర కణములో ప్రవేశించి తనకు నకళ్లు తీయించుకొనును. ఆ నకళ్లలో అక్కడక్కడ ఒక అక్షరము తప్పిపోవును. చాలా తప్పులవలన ఏమియు జరుగదు, కొన్నిటివలన వైరస్సే చెడిపోవును. ఎప్పుడో ఒకటి దానికి లాభమగును. ఏ తప్పు ఎప్పుడు పడునో ముందుగా తెలియదు.

2021 మే నెల జ్ఞాపకము చేసికొనండి. ఎన్440కె అను మార్పు గల రకము విశాఖపట్నములో కనబడినదని, అది 15 రెట్లు ప్రమాదకరమని వార్తలు వచ్చినవి. "ఆంధ్ర రకము" అని పేరు కూడ పెట్టిరి. మన రాష్ట్రమునుండి, తెలంగాణనుండి వచ్చువారికి ఢిల్లీలో 14 దినముల క్వారంటైన్ విధించిరి. ఒడిశా సరిహద్దులోను రాకపోకలకు కట్టడి వచ్చినది. ప్రయోగశాల కణములలో బాగుగా పెరిగినంత మాత్రాన ఊరిలో అంతగా వ్యాపించునని కాదు గదా! ఆ రకము అప్పటికే తగ్గిపోవుచున్నదని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు చెప్పిరి. మన ఇండ్లలో దుఃఖము నింపినది వేరొకటి, డెల్టా.

తరువాతి రకము డెల్టానుండియే పుట్టునని అనేకులు తలంచిరి. అలాగు జరుగలేదు. నవంబరులో బయలుపడిన ఒమిక్రాన్ వేరే కొమ్మనుండి వచ్చినది. రాష్ట్రములో దాని మొదటి కేసు డిసెంబరు 12న మన ప్రక్కనున్న విజయనగరం జిల్లాలోనే తేలినది. ఒమిక్రాన్ ముల్లులో ముప్పదికి పైగా మార్పులున్నవి. వాటిలో ఒకటి, పోయినదనుకొన్న ఆ ఎన్440కె! పాత రకము తిరిగి రాలేదు. అదే తప్పు మరొక వంశములో పడినది.

అదే సంవత్సరము సెప్టెంబరు 26న గులాబ్ తుపాను మన కళింగపట్నం దగ్గర తీరము దాటెను. వాతావరణ శాఖ ముందు దినమే చెప్పగలిగినది, ఎందుకంటే సముద్రముమీద తుపాను అప్పటికే ఉన్నది, ఉపగ్రహము దానిని చూచుచున్నది. ఇంకను పుట్టని అక్షరపు తప్పును చూచు యంత్రమేది?

వైరస్ పాతబడుకొలది మెత్తబడునని కొందరు ధైర్యము చెప్పుదురు. అది నియమము కాదు. డెల్టా తనకు ముందున్నవాటికంటె కఠినమైనది. ఒమిక్రాన్ కాలములో మరణములు తగ్గుటకు టీకాలవలన, మునుపటి వ్యాధివలన జనులకు కలిగిన రోగనిరోధక శక్తి ఒక ముఖ్య కారణము.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర స్థితి ముగిసినదని చెప్పెను గాని వైరస్ ముగిసినదని చెప్పలేదు. కాబట్టి తోటి బోధకులారా, "ఇక రాదు" అనిగాని, "ఫలానా ఏట వచ్చును" అనిగాని ప్రసంగ వేదికమీద పలుకవద్దు. మందిరపు కిటికీలు తెరచి ఉంచండి. జ్వరము, దగ్గు ఉన్నవారు ఆ ఆదివారము ఇంటనే ఉండి రేడియోలో వాక్యము వినవచ్చును. షుగరు, గుండె జబ్బు గల వృద్ధులు టీకా సంగతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో డాక్టరుగారిని అడుగవలెను.