ఎవరి కోసం ఈ విత్తనం?



కుమ్మరి కుండ చేయబోయే ముందు అడుగుతాడు: నీళ్ళకా, కూరకా, గింజలు పోసుకోవడానికా అని. మట్టి ఒక్కటే, సారె ఒక్కటే. ఐనా వాడేవారి అవసరాన్ని బట్టి కుండ రూపు మారుతుంది. విత్తనం సంగతీ అంతే. ఎవరి పొలానికి, ఎవరి వంటింటికి, ఏ అంగడికి అని ముందుగా తెలుసుకోకుండా తీసిన వంగడం ఎంత దిగుబడి ఇచ్చినా గాదెలో నిలవదు.

దీనికి నిదర్శనం చూడండి. 1966లో ఐ.ఆర్. 8 వరి వచ్చింది. పొట్టి మొక్క, ఎరువు వేసినా పడిపోదు, దిగుబడి అంతకుముందు కనీ వినీ ఎరుగనిది. కాని గింజ ముతక, పొట్ట తెలుపు. మరలో నూక ఎక్కువ. అన్నం చల్లారితే గట్టిపడేది. పొలంలో గెలిచిన విత్తనం కంచంలో ఓడింది. తరువాత వచ్చిన వంగడాలలో గింజ నాణ్యతకు శ్రద్ధ చూపవలసి వచ్చింది.

ఇక మన సాంబ మసూరి, అంటే బి.పి.టి. 5204, 1986లో బాపట్ల నుండి విడుదలైంది. సన్న గింజ, తినడానికి కమ్మని అన్నం. జనం దాన్ని వదలలేదు. కాని దానికి బాక్టీరియా ఆకుఎండు తెగులు బెడద. అప్పుడు హైదరాబాదు శాస్త్రజ్ఞులు ఏం చేశారు? తినేవారు మెచ్చిన గింజను అలాగే ఉంచి, తెగులును తట్టుకునే గుణాన్ని మాత్రం చేర్చారు. అదే 2008లో విడుదలైన మెరుగైన సాంబ మసూరి. మారుటేరులో పుట్టిన స్వర్ణ విషయమూ ఇంతే. ముంపు పొలాల వారి బాధ గమనించి, సుమారు రెండు వారాల మునకను ఓర్చుకునే గుణం చేర్చారు. ఆ స్వర్ణ సబ్-1 మన దేశంలో 2009లో విడుదలైంది. జనానికి నచ్చింది మార్చకుండా, నొప్పించేది మాత్రమే తీసివేయడం ఇందులోని కిటుకు.

మరి ఆ నచ్చేది, నొప్పించేది తెలిసేదెట్లా? అడగవలె. అడగడంలో నేర్పు కావాలి. “ఈ విత్తనం బాగుందా?” అంటే మర్యాదకోసం “బాగుందండీ” అంటారు. దానివల్ల ప్రయోజనం లేదు. “పోయిన ఏడు ఏం వేశావు? ఎందుకు మానేశావు? ఏ గింజ ఇంటికి ఉంచుకున్నావు, ఏది అమ్మావు?” అని అడగండి. చేసిన పని అబద్ధమాడదు. రచ్చబండ దగ్గర అడిగితే నోరున్నవాడి మాటే వినిపిస్తుంది. కలుపు తీసేవారు, వండేవారు, పశువులకు మేత వేసేవారు చాలా ఇళ్ళలో ఆడవాళ్ళే గనుక వారిని వేరుగా కలుసుకోండి. 1990 దశకంలో ఇక్రిశాట్ వారు పశ్చిమ రాజస్థానంలో సజ్జ రైతులను ఇలా అడిగి చూశారు. వాన చాలని ఆ నేలలో రైతులు గింజతోపాటు చొప్పను కూడా లెక్కలోకి తీసుకుంటారని తేలింది. గింజ తూకం ఒక్కటే చూస్తే ఈ సంగతి బయటపడదు.

అందరి మాటలూ విన్న తరువాత వాటిని రాశి పోసి సగటు తీయకండి. ఒకరికి ఎకరం, మరొకరికి తొమ్మిది ఎకరాలు ఉంటే, సగటున అయిదెకరాల రైతు ఊళ్ళో ఎక్కడా కనిపించడు! దానికి బదులు, ఒకే తీరు అవసరాలున్న వారిని ఒకచోట చేర్చి, ఒక్కొక్క జట్టుకు ఒక నమూనా రైతును కాగితంమీద నిలబెట్టండి. ఉదాహరణకు:

ఒకటి, కాలువ చివరి రైతు. నీరు ఆలస్యంగా వస్తుంది, ముందుగా ఆగిపోతుంది. ఇతనికి ముదురు నారు నాటినా ఓర్చి, త్వరగా కోతకు వచ్చే వంగడం కావాలి.

రెండు, కౌలు రైతు. కోత కాగానే కౌలు చెల్లించాలి. గాలివానకు పడిపోని పైరు, కళ్ళంలోనే కొనేవాడు దొరికే గింజ ఇతనికి కావాలి.

మూడు, రెండు గేదెలున్న మెట్టప్రాంతపు ఇల్లాలు. గింజ ఎంతో చొప్పా అంతే ముఖ్యం. రొట్టె విరగకూడదు, పశువు మేత వదలకూడదు.

ఈ బొమ్మలు ఊహించి గీసేవి కావు. ప్రతి గీత వెనుక ఊళ్ళో విన్న మాట ఉండాలి. ఆఫీసులో కూర్చుని గీసిన రైతు ఎప్పుడూ మన పథకానికి తల ఊపుతాడు. పొలంలో రైతు ఊపడు.

ముగ్గురికీ ఒకే విత్తనం సరిపోదంటే, ఈసారి ఎవరికోసమో తేల్చి చెప్పండి. దాచితే ముగ్గురూ నష్టపోతారు. ఆ తరువాత రెండు మూడు రకాలు చిన్న మడుల్లో, రైతు సొంత నేలలో, సొంత ఎరువుతో వేయించి చూడండి. గుజరాత్, రాజస్థాన్, మధ్యప్రదేశ్ సరిహద్దు పల్లెల్లో అలా చేసినప్పుడు, ఒరిస్సాలో అంతకుముందే విడుదలైన కళింగ-3 వరిని రైతులు త్వరగా పండుతుందని ఏరుకున్నారు. తరువాత దాన్ని ఐ.ఆర్. 64తో సంకరం చేసి, అశోక రకాలను తీశారు.

రైతులారా, సంఘంగా చేరి పసుపు పొడో, కొర్ర బియ్యమో అమ్మదలచిన మీకూ ఇదే సూత్రం. సంచి కుట్టించే ముందు పది ఇళ్ళ వంటింటి గుమ్మం దగ్గర ఆగండి. కిలో కావాలా, పావుకిలోనా? రాయి ఏరుకునే తీరిక వారికుందా? మొదటిసారి కొన్నవారు రెండోసారి ఎందుకు రాలేదు? ఈ జవాబులు దొరికిన తరువాతనే అప్పు చేసి మర కొనండి.

విస్తరణ మిత్రులకు చివరి మాట. రైతు మీరిచ్చిన విత్తనాన్ని కాదంటే మొండివాడని రాసుకోకండి. ఎందుకు కాదన్నాడో రాసుకోండి. ఆ ఒక్క వాక్యం పరిశోధనా కేంద్రానికి చేరితే, రాబోయే విత్తనం అతని పొలానికి తగినదై వస్తుంది.