900 ఏళ్లనాటి గ్రీకు నేటి గ్రీకులకు అర్థమవుతుందా?

ఏథెన్సులో చదువుకునే మన ఈడు పిల్లవాడి చేతికి 12వ శతాబ్దపు గ్రీకు పుస్తకం ఇస్తే గడగడా పైకి చదివేస్తాడు. లిపి అదే. ఉచ్చారణ కూడా అప్పటికే దాదాపు ఇప్పటిలా మారిపోయింది. ఒక్క 'ఇ' శబ్దాన్నే ఆరు రకాలుగా రాసే పాత పద్ధతి నేటికీ ఉంది. డిక్టేషన్‌లో అది తలనొప్పే కాని, పాత మాటలను గుర్తుపట్టడానికి మాత్రం బాగా పనికొస్తుంది. మరి అర్థమవుతుందా అంటే, ఏ పుస్తకం ఇచ్చామో చూడాలి.

కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న బైజాంటియన్ సామ్రాజ్యంలో ఇంట్లో, సంతలో మాట్లాడే గ్రీకు వేరు, పండితులు రాసే గ్రీకు వేరు. మన గ్రాంథికం, వ్యావహారికం గుర్తుకొస్తున్నాయి కదూ! పండితులు తమకు 1500 ఏళ్లకు పైగా ముందున్న ఏథెన్సు భాషను అనుకరించేవారు. చక్రవర్తి అలెక్సియోస్ కుమార్తె అన్నా కొమ్నీనీ తండ్రి చరిత్రను 'అలెక్సియాడ్' పేరుతో ఆ భాషలోనే రాసింది. అందులో నేటి పాఠకుడికి విడి మాటలు తెలుస్తాయి, వాక్యం మాత్రం అంతుపట్టదు. చతుర్థీ విభక్తి, తుమున్నర్థకం అందులో ఉన్నాయి. మాట్లాడే గ్రీకులోంచి అవి ఎప్పుడో జారిపోయాయి. ఆ మాటకొస్తే ఆ భాష ఆనాటివారికే కొరుకుడు పడలేదు. 14వ శతాబ్దంలోనే అలెక్సియాడ్‌ను సులభమైన గ్రీకులోకి తిరగరాశారు.

అదే 12వ శతాబ్దంలో వాడుక భాషలో వచ్చిన పద్యాలూ ఉన్నాయి. చదువుకోమన్న తండ్రి మాట విని పస్తులుంటున్నాననీ, చెప్పులు కుట్టే పొరుగువాడు మాత్రం కడుపునిండా తింటున్నాడనీ ఒక కవి చక్రవర్తికి మొరపెట్టుకుంటాడు. దీన్ని నేటి గ్రీకులు నవ్వుకుంటూ చదువుకోగలరు. ఆనాటి వంటల పేర్లకూ, కొన్ని పాత మాటలకూ వివరణ ఉంటే చాలు.

పాత మాటలన్నీ పోలేదు. రొట్టెను పూర్వం 'ఆర్తోస్' అనేవారు, ఇప్పుడు 'ప్సోమీ' అంటారు. కాని రొట్టెల దుకాణం బోర్డు మీద 'ఆర్తోపీయో' అనే ఉంటుంది. మనం నిప్పు అంటూనే బోర్డు మీద 'అగ్నిమాపక కేంద్రం' అని రాసినట్టే. చర్చి ప్రార్థనలూ పాత గ్రీకులోనే సాగుతాయి.

ఏ గ్రీకులో రాయాలనే తగవు ఎంత ముదిరిందంటే, 1901లో ఒక పత్రిక సువార్తను వాడుక భాషలో అచ్చువేస్తే ఏథెన్సులో అల్లర్లు చెలరేగి 8 మంది చనిపోయారు. చివరికి 1976లో వాడుక భాష అధికార భాష అయింది. బడుల్లో ప్రాచీన గ్రీకు పాఠం మాత్రం నేటికీ ఉంది. దాన్ని శ్రద్ధగా నేర్చుకున్నవారు నిఘంటువు దగ్గర పెట్టుకుని అన్నా కొమ్నీనీని కూడా నెమ్మదిగా చదవగలరు.